శుక్రవారం అధ్యాయం గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదు అధ్యాయాలు రెండు రాత్రులు కూర్చుని చదివాను. జెరూసలేంలో ఒక ఆసుపత్రి, డబ్బు కోసం అక్కడి కంప్యూటర్లన్నిటికీ తాళం వేసిన దుండగులు, ఆ తాళం విప్పాల్సిన నిష్ఠగల యూదు ఇంజినీరు. ఎత్తుగడ బాగుంది. కంప్యూటర్ల రక్షణ నీ ఉద్యోగమే కాబట్టి ఆ సంగతులు నేను నీకు చెప్పనక్కరలేదు. కానీ నాలుగో అధ్యాయంలో శుక్రవారం రాత్రి పది గంటలకు ఆమె తన మతగురువు రబ్బీకి ఫోను చేస్తుంది. ఆయన వెంటనే ఎత్తి ‘చెప్పమ్మా’ అంటాడు. అక్కడికి వచ్చేసరికి కాగితాలు పక్కన పెట్టేశాను.

ఆ వేళ ఆ ఇంట్లో ఎవరూ ఫోను ముట్టరమ్మా. శుక్రవారం సూర్యాస్తమయంతో యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా ఉంటుంది. వాళ్ల పాత ధర్మగ్రంథం మిష్నా ఆ రోజున 39 రకాల పనులు చేయకూడదంటుంది. నిప్పు రాజేయడం, ఆర్పడం, రాయడం, చెరపడం అందులోవే. అందుకే నిష్ఠగా ఉండేవాళ్లు లైటు స్విచ్చి కూడా వేయరు. షబ్బాత్ వస్తోందని జెరూసలేంలో సైరన్ మోగుతుంది. చాలా ఊళ్లలో సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తే, జెరూసలేం ఆచారం 40 నిమిషాల ముందే. థ్రిల్లర్ రాసేవాళ్లు గడియారం కోసం వెతుక్కుంటారు. నీకు ఊరంతా వినపడే గడియారం దొరికింది, నువ్వు దాన్ని వదిలేసి గోడ మీద పది గంటలు కొట్టించావు. దుండగులు శుక్రవారం సాయంత్రాన్నే ఎందుకు ఎంచుకున్నారో కూడా రాయలేదు. తమను ఆపగలిగినవాళ్లు ఫోన్లు పక్కన పెట్టేస్తారని వాళ్లకు తెలుసు కదా!

ఇంకో మాట. కీబోర్డు ముట్టాలా వద్దా అని నీ నాయిక రెండు పేజీలు కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆమెకు ఆ సందేహమే రాదు. ప్రాణం కాపాడటానికి షబ్బాత్‌ను మీరవచ్చు, మీరి తీరాలి. దాన్ని ‘పికువాఖ్ నెఫెష్’ అంటారు. ఊపిరితిత్తుల యంత్రాలు ఆగిపోతుంటే ఆమె పరుగున వెళ్లి పని మొదలుపెడుతుంది. సందేహమంతా ఆ తరవాత మొదలవుతుంది. రక్తపరీక్షల ఫలితాలున్న కంప్యూటర్ తెరవాలి. బిల్లుల కంప్యూటర్ జోలికి పోకూడదు. మరి మందుల గోదాము జాబితా? రేపటి ఆపరేషన్ల పట్టిక? ఒక్కో మీట నొక్కేముందు ‘ఇది ప్రాణం కోసమేనా’ అని ఆమె తనను తాను అడుగుతుంటే నాకు ఊపిరి ఆడదు. 2021 అక్టోబరులో హదేరాలోని హిల్లెల్ యాఫే ఆసుపత్రి మీద ఇలాంటి దాడే జరిగింది, సిబ్బంది కలమూ కాగితమూ పట్టుకోవలసి వచ్చింది. షబ్బాత్ నాడు రాయడమూ నిషిద్ధమే. అలవాటు లేని చేత్తో రాస్తే ఆ తప్పు తీవ్రత తగ్గుతుందని వాళ్ల ధర్మశాస్త్రం అంటుంది. కాబట్టి నీ కథలో కంప్యూటర్లు పడిపోయిన రాత్రి, ఒక నర్సు ఎడమ చేత్తో వంకర అక్షరాలతో రోగి జ్వరం రాసుకుంటూ కూర్చోవచ్చు. ఆ ఒక్క దృశ్యం కోసం నువ్వు పెట్టిన కారు ఛేజింగు మొత్తం తీసెయ్యవచ్చు.

తెలియక రాస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. వారపత్రికలో సీరియల్ రాసే రోజుల్లో నా కథానాయకుడు కొచ్చి యూదుల ప్రార్థనామందిరం గుమ్మంలో గౌరవంగా టోపీ తీసి లోపలికి వెళ్లాడు. కొచ్చి నుంచి ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు: అక్కడ తల కప్పుకోవాలి, విప్పాల్సింది చెప్పులు అని. మరుసటి ఏడాది మట్టంచేరి వెళ్లి చూశాను. 1568 నాటి మందిరం, నేలంతా నీలం తెలుపు చైనా పలకలు. తలకు చేతిరుమాలు కట్టుకుని ఆ చల్లటి పలకల మీద ఉత్తకాళ్లతో నిలబడినప్పుడు, ఆ కార్డు రాసినాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. నువ్వు అంత దూరం వెళ్లనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము బెనె ఎఫ్రాయిమ్ యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. షబ్బాత్ గురించి నీకు తెలుగులోనే చెప్పగలిగినవాళ్లు వాళ్లు. ముందుగా అనుమతి అడిగి వెళ్లు, ఫోను సంచిలోనే ఉంచు.

అంకెల సంగతి. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది, ఆ లెక్కను గెమాట్రియా అంటారు. నీ నాయిక దానితో శత్రువు సంకేతలిపిని ఛేదించింది. నీకూ తెలుసు, నేటి తాళాలు అలా తెరుచుకోవని. అక్షరాల మార్పిడి బైబిల్లోని యిర్మీయా గ్రంథంలో ఉంది. మొదటి అక్షరానికి చివరిది, రెండోదానికి చివరి నుంచి రెండోది రాస్తే ‘బాబెల్’ ‘షేషఖ్’ అవుతుంది. దాన్ని పిల్లలు కూడా విప్పుతారు. గెమాట్రియా మనిషి అలవాటును పట్టిస్తుంది, అక్కడ వాడుకో. ‘ఖాయ్’ అంటే బతుకు, దాని విలువ 18. అందుకే యూదులు కానుకలు 18, 36, 180 లెక్కన ఇస్తుంటారు. అలాంటి మనిషి పాస్‌వర్డులో ఏ అంకె పెట్టుకుంటాడో నీ నాయిక ఊహించగలదు.

అంతకన్నా గొప్పది ఇంకొకటి ఉంది, ఇది నీకే వదిలేస్తున్నాను. 1979లో ఇజ్రాయెల్ గణితవేత్త ఆది షమీర్ ఒక రహస్యాన్ని ముక్కలుగా పంచే పద్ధతి ప్రకటించాడు. పదిహేను మందికి పంచి, ఏ పదిమంది కలిసినా తెరుచుకునేట్టు చేయవచ్చు. తొమ్మిది ముక్కలు ఉన్నా రహస్యంలో ఆవగింజంత కూడా బయటపడదు. యూదుల సామూహిక ప్రార్థనకూ పదిమంది కావాలి, దాన్ని మిన్యాన్ అంటారు. తొమ్మిదిమందే ఉంటే చనిపోయినవారి కోసం చదివే కద్దిష్ కూడా చదవరు. ఆసుపత్రి తాళంచెవిని ఒక ముసలాయన ఇలా పంచి వెళ్లిపోయాడనుకో. గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. పదో మనిషి కోసం వీధి చివర నిలబడి ఎదురుచూడటం ఆ పేటలో అందరికీ అలవాటే.

ఇప్పుడు కోపంతో రాస్తున్న మాట. ఐదో అధ్యాయంలో ప్రపంచంలోని బ్యాంకులనూ కంప్యూటర్లనూ తెర వెనక నుంచి ఆడించే యూదు ధనవంతుల రహస్య సభ పెట్టావు. దాన్ని పూర్తిగా తీసెయ్యి. నీ మనసులో చెడు లేదని నాకు తెలుసు. కానీ ఆ సభ నువ్వు కల్పించింది కాదు. 1903లో రష్యాలో అచ్చయిన ‘సియోను పెద్దల ప్రోటోకాల్స్’ అనే దొంగ పత్రంలోది. మూడో నెపోలియన్‌ను ఎద్దేవా చేస్తూ 1864లో వచ్చిన ఒక ఫ్రెంచి పుస్తకం నుంచి దాన్ని కాపీ కొట్టారని 1921లో లండన్ టైమ్స్ పత్రిక నిరూపించింది. ఆ తరవాత కూడా హిట్లర్ మనుషులు దాన్ని పిల్లలకు చదివించారు. 2010లో బయటపడిన కంప్యూటర్ వైరస్ స్టక్స్‌నెట్‌లో ‘మిర్టస్’ అనే ఒక మొక్క పేరు దొరికితే, బైబిల్లోని యూదు రాణి ఎస్తేరు మరో పేరు హదస్సా, అంటే హీబ్రూలో అదే మొక్క కదా, కాబట్టి ఇది ఇజ్రాయెల్ పనేనని కొందరు అర్థం లాగారు. అది యంత్రభాగాల పేరు అయ్యుండవచ్చని మరికొందరన్నారు. నీ పోలీసు అధికారి కూడా అలాంటి గుర్తు చూసి తప్పు మనిషిని పట్టుకోనీ, కథ ఇంకా రక్తి కడుతుంది.

నాయిక నాయనమ్మ ఆమ్‌స్టర్‌డాం నుంచి వచ్చిందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అక్కడ ఆగు. నాజీలకు యూదుల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో జనాభా కార్డులే చెప్పాయి. 1943 మార్చి 27 రాత్రి ప్రతిఘటన వీరులు పోలీసు దుస్తుల్లో ఆ కార్డులుంచిన కార్యాలయంలోకి వెళ్లి నిప్పు పెట్టారు. ఆర్పడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కావాలనే నీళ్లు ఎక్కువ కొట్టారు, కాలనివి తడిసి పాడవ్వాలని. ఆ వీరుల్లో పన్నెండు మందిని నాజీలు కాల్చి చంపారు. కాలింది కార్డుల్లో కొంత భాగమే. ఆ మంటను చూసిన పిల్ల నాయనమ్మ అయ్యాక, మనవరాలు రోగుల జాబితాలు కాపాడే ఉద్యోగంలో చేరితే ఏమనుకుంటుంది? ఆ సంభాషణ నువ్వు ఇంకా రాయలేదు. నేను చదవాలనుకుంటున్నది అదే.

యూదు కథల్లో ప్రాణం పోసుకునే మట్టిబొమ్మ గోలెమ్‌ను మాత్రం వదిలెయ్యి, ఈ రకం నవలల్లో దాన్ని అరగదీసేశారు.

నాలుగో అధ్యాయాన్ని సైరన్ మోగిన దగ్గర నుంచి తిరిగి రాసి పంపు. దసరాకు వచ్చినప్పుడు నాయనమ్మ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

మామయ్య