నెలకు 2000 బోర్డులైతే వేవ్ సోల్డరింగ్ కన్నా ముందు కాళ్ళు వంచే మెషిన్ కొనండి

స్టెబిలైజర్ బోర్డులు నెలకు 2000, ఒక్కోదాంట్లో నలభై దాకా త్రూ హోల్ పార్టులు (తీగ కాళ్ళని బోర్డు రంధ్రాల్లో దూర్చేవి), వేవ్ సోల్డరింగ్ మెషిన్ (కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డుని నడిపేది) తీసుకోవాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. చర్లపల్లిలో చిన్న షెడ్డులో పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మొదట్లో ఉన్న డబ్బంతా సోల్డరింగ్ మీద పెట్టి, కాళ్ళు వంచే పనిని నోస్ ప్లయర్‌కి వదిలేశాను. దెబ్బ అక్కడే తగిలింది.

మా దగ్గర టెస్టింగ్‌లో పాసైన బోర్డులు కస్టమర్ ఇంట్లో నెల తిరక్కుండా ఆగిపోయేవి. డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని జాయింట్, అనుకుని రెండు వారాలు ప్రతి జాయింటూ మళ్ళీ వేడి చేశాం. టెన్షన్‌తో నిద్రలేదు. చివరికి ఒక 1ఎన్4148 డయోడ్ ఊడదీసి భూతద్దం కింద పెడితే, కాలు బయటికొచ్చే చోట గాజు మీద వెంట్రుకలాంటి చీలిక! కాలును బాడీకి ఆనించి వంచేశాం, అదీ కారణం.

బాడీ నుంచి కనీసం కాలి మందమంత, అదీ 0.8 మిల్లీమీటర్లకు తగ్గకుండా వదిలాకే వంపు మొదలవ్వాలని బోర్డుల నాణ్యతకు ప్రమాణమైన ఐపీసీ-ఏ-610 చెబుతుంది. గాజు డయోడ్లకు మేం 2 మిల్లీమీటర్లు వదులుతున్నాం.

మీ లెక్కకు టేపుకి వరసగా అతికి వచ్చే పార్టుల కోసం, కాళ్ళు వంచి కత్తిరించే, చేత్తో తిప్పే ఫార్మింగ్ మెషిన్ సరిపోతుంది. కొనేముందు ఒక్కటి చూడండి: వంచేటప్పుడు బాడీకీ వంపుకీ మధ్య కాలును గట్టిగా పట్టుకుంటోందా, లేక బాడీనే ఆధారం చేసుకుని వంచుతోందా? రెండో రకమైతే ఎంత చవకైనా వద్దు. షాపుకి మీ టేపులే తీసుకెళ్ళండి. క్వార్టర్ వాట్ రెసిస్టర్లతో పాటు 1ఎన్4007 కూడా ఒక వంద తిప్పించండి. దాని కాళ్ళు లావు, బ్లేడు సంగతి అక్కడే తేలిపోతుంది. పిచ్ (వంచిన రెండు కాళ్ళ మధ్య దూరం) మార్చడం ఎంతసేపు పడుతుందో కూడా అడిగి చేయించి చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో విడి పార్టులు కాస్త చవకగా దొరికినా, ఈ మెషిన్‌కి టేపు తప్పనిసరి. ఎల్ఈడీలు మాత్రం ఇందులో వేయకండి. అడుగు నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి, కాలి పైభాగాన్ని ప్లయర్‌తో పట్టుకుని చేత్తోనే వంచాలి.

ఇక సోల్డరింగ్. రోజుకి ఎనభై బోర్డులే కాబట్టి, మీవి సింగిల్ సైడ్ (ఒకవైపే రాగి ఉన్నవి) అయితే డిజిటల్ కంట్రోల్ ఉన్న డిప్ పాట్ (బోర్డుని ముంచే కరిగిన సోల్డర్ తొట్టి) చాలు. 63/37 సోల్డర్ (తగరం 63, సీసం 37 శాతం) 183 డిగ్రీలకే కరుగుతుంది, మేం పాట్‌ని 250 దగ్గర ఉంచి రెండు మూడు సెకన్లు ముంచుతాం. ముంచే ప్రతిసారీ పైన పేరుకున్న తెట్టు పక్కకి తీయాలి, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి పూసే మందు) వేశాక బోర్డు కొంచెం వేడెక్కాలి. డబుల్ సైడ్ ప్లేటెడ్ హోల్స్ (లోపల రాగి పూత ఉన్న రంధ్రాలు) అయితే సోల్డర్ పైదాకా ఎక్కించడం పాట్‌తో కష్టం, అప్పుడు వేవ్ గురించి ఆలోచించండి. కస్టమర్ లెడ్ ఫ్రీ (సీసం లేనిది) అడిగితే వేరే పాట్ కొనాల్సిందే. పాతదాన్లోని సీసం అందులో కలిసిపోతుంది.

కాళ్ళు ముందే కత్తిరించి, బోర్డు కింద 1.5 మిల్లీమీటర్ల దాకా బయటికి ఉండేలా పెట్టుకోండి. సోల్డర్ అయ్యాక కత్తిరిస్తే ఆ అదురు జాయింటుకి తగులుతుంది. అలా కత్తిరించాల్సి వస్తే ఆ జాయింట్‌ని మళ్ళీ ఒకసారి కరిగించండి.

టచప్‌కి (మిగిలిన జాయింట్లు చేత్తో సరిచేయడానికి) టెంపరేచర్ కంట్రోల్ ఉన్న 60-70 వాట్ల సోల్డరింగ్ స్టేషన్లు రెండు తీసుకోండి. రిలే, ట్రాన్స్‌ఫార్మర్ పిన్నులు వేడిని లాగేస్తాయి, వాటికి సన్న బిట్ కాదు, వెడల్పు బిట్ పెట్టండి. పాట్ మీద పొగ లాగే ఫ్యాన్ మొదటి రోజు నుంచే ఉండాలి. సీసం ముట్టిన చేతులతో పనివాళ్ళు టీ బిస్కెట్లు తినకుండా, టేబుల్‌కి దగ్గర్లోనే సబ్బూ కుళాయీ పెట్టించండి.