ఎంఏ సైకాలజీ చేస్తే క్లినికల్ సైకాలజిస్టు అయిపోయినట్టేనా?

కాదు. మన దేశంలో ఆ హోదాకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ, దాని రిజిస్టర్‌లో నమోదు రెండూ ఉండాలి. ఇన్నాళ్లూ ప్రధాన దారి ఇది: 55 శాతంతో ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ, ఆపైన ఆసుపత్రిలో రోగులను చూస్తూ రెండేళ్ల ఎంఫిల్. 2022 యూజీసీ నిబంధనలు ఎంఫిల్‌ను ఆపేశాయి. క్లినికల్ సైకాలజీకి 2025-26 ప్రవేశాల వరకే సడలింపు ఇచ్చారు. అందుకే ఫీజు కట్టేముందు ఆ కోర్సు, ఆ కాలేజీ, మీరు చేరే సంవత్సరం మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉన్నంత మాత్రాన సరిపోదు.

కౌన్సెలింగ్‌కు ఎంఏ చాలు, కానీ అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ప్రాక్టికల్స్ లేని కోర్సు వద్దు. మందులు రాసేది మాత్రం సైకియాట్రిస్టే. అది ఎంబీబీఎస్ దారి.