బయట దొరికిన ఎలుకపిల్ల పెద్దదవుతోంది, ఎలాంటి పంజరం కొనాలి?

కళ్లు తెరవని ఎలుకపిల్లని పాలు పట్టి పెంచానని, ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా మూత కొరికేస్తోందని, పక్షుల పంజరం సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేనూ ఇలాగే దొరికిన ఎలుకని పెంచాను కాబట్టి తెలిసినంత చెప్తాను.

మొదట చూడాల్సింది ఊచల మధ్య సందు. అంతస్తులు, నిచ్చెనలు అన్నీ ఆ తర్వాతే. తల దూరిందంటే ఒళ్లంతా దూరినట్టే. పెద్ద ఎలుకకి అరంగుళం సందు పర్వాలేదు, పిల్లకి మాత్రం ఒక సెంటీమీటరు లోపే ఉండాలి. అమ్మేవాళ్లు చెప్పింది నమ్మకుండా స్కేలు పెట్టి కొలవండి. తలుపు అంచుల్లో, మూలల్లో కూడా కొలవండి, సందు అక్కడే ఎక్కువగా ఉంటుంది. పంజరం ఇప్పటికే కొనేసి ఉంటే చుట్టూ పావు అంగుళం ఇనుప జాలీ బిగించేయండి.

తర్వాత పళ్ల సంగతి. ఎలుకకి ముందు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 10 సెంటీమీటర్ల పైనే. నున్నటి ప్లాస్టిక్ గోడని ఏమీ చేయలేదు గానీ అంచు దొరికితే వదలదు. ట్రే, ఊచలు కలిసే చోట చిన్న మడత ఉంటుంది చూడండి, మాది అక్కడ తల పక్కకి వాల్చి, కింది పళ్లు ఆనించి ఒకే చోట గీకుతూ కూర్చునేది. గోరంత సొట్ట పడిందంటే కన్నం పడటానికి ఎంతో సేపు పట్టదు. అందుకే ట్రే కూడా ఇనుముదే తీసుకోండి. చెక్క పంజరం మూత్రం పీల్చుకుంటుంది, ఎంత కడిగినా వాసన పోదు. గాజు తొట్టిని కొరకలేదు, కానీ గాలాడక మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా వాయువు పేరుకుంటుంది. అసలే ఎలుకల ఊపిరితిత్తులు సున్నితం.

ఇప్పుడు అసలు విషయం. చేతిలో పెరిగింది కదా, పిలిస్తే వస్తుందిలే అన్న లెక్కతో పంజరం కొనకండి. పాలు మానే వయసు దాటాక చాలావాటికి బెదురు మొదలవుతుంది. నిన్నటిదాకా చొక్కా జేబులో పడుకున్నది ఇవాళ చెయ్యి చూస్తేనే గెంతుతుంది. అది మీ మీద కోపం కాదు, దాని జాతి లక్షణం. కాబట్టి చేతికి రాని ఎలుకని కూడా టెన్షన్ లేకుండా చూసుకోగలిగే పంజరం కావాలి. తిండికి, నీళ్లకి ఒక చిన్న తలుపు, శుభ్రం చేయడానికి ఒక పెద్ద తలుపు ఉంటే మేలు. లోపల బయటి నుంచి మూయగలిగే ఇనుప గూడు పెట్టండి. బెదిరితే అది అందులోకే దూరుతుంది, మూత జరిపేసి గూడుతో సహా బయటికి తీసుకోవచ్చు. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ గూడే. కొత్త వస్తువంటే దానికి అనుమానం కాబట్టి పంజరం మార్చేటప్పుడు పాత గూడుని కడక్కుండానే కొత్తదాంట్లో పెట్టండి.

తోక ఒంటికంటే పొడుగ్గా, చెవులు పెద్దగా ఉంటే అది నల్ల ఎలుక. ఎక్కడం దాని పని, ఎత్తైన పంజరం కొనండి. బొద్దుగా ఉండి తోక పొట్టిగా ఉంటే గోధుమ రంగు ఎలుక. దానికి నేల వైశాల్యం, తవ్వుకోవడానికి మందంగా పరిచిన కాగితం ముక్కలు కావాలి. ఏదైనా సరే, జాలీ నేల వద్దు, పాదాలు పుండ్లు పడతాయి. దేవదారు, పైన్ పొట్టు కూడా వద్దు.

పైకి జరిగే తలుపుల్ని ముక్కుతో ఎత్తేస్తుంది, స్ప్రింగ్ క్లిప్పు తగిలించండి. శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకుని, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆరోగ్యంగా కనిపించే ఎలుక మూత్రం నుంచి కూడా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు.

పంజరాన్ని గోడకి ఆనించి, మూడు వైపులా ఏదైనా అట్ట అడ్డం పెడితే బెదురు తగ్గుతుంది. పై భాగం, ముందు వైపు మాత్రం గాలాడేలా వదిలేయండి. కర్టెన్లు, ఛార్జర్ వైర్లు దగ్గర్లో లేకుండా చూసుకోండి. ఊచల్లోంచి లోపలికి లాక్కుని గూట్లో పరుచుకుంటుంది.