శీతకాలం రాకముందే

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ బడిలో టీచర్ని. నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 71. కడుపునొప్పి, నడుంనొప్పి అంటుంటే గుంటూరు తీసుకెళ్లాం. క్లోమానికి క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది అన్నారు. కీమో తట్టుకోలేరు, ఇంట్లోనే నొప్పి లేకుండా చూసుకోండి, మహా అయితే మూడు నాలుగు నెలలు అన్నారు. అందులో ఆరు వారాలు అయిపోయాయి. మా ప్రార్థన గుంపువాళ్లు రోగం పేరు నోటితో పలకొద్దు, స్వస్థత పొందాడనే ఒప్పుకోండి అన్నారు. నేను నలభై రోజుల ఉపవాసం పట్టాను. తెల్లవారి నాలుగున్నరకి జూమ్ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం ఆల్ నైట్. రెండుసార్లు నాన్నని కార్లో పడుకోబెట్టి మూడు గంటల దూరంలో స్వస్థత కూడికలకి తీసుకెళ్లాం. మార్ఫిన్ మాత్రలు వేస్తే విశ్వాసం లేనట్టే అని ఒక సిస్టర్ అంటే మూడు రోజులు ఆపాను. ఆ మూడు రాత్రులూ ఆయన నిద్రపోలేదు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. వస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, వాడొస్తే నాన్నకి అనుమానం వస్తుందంది. పోయిన వారం నాన్న నన్ను పిలిచి ‘వాణ్ణి రమ్మను, బాబాయికి కూడా కబురు పెట్టు, మాట్లాడాలి’ అన్నారు. పొలం గట్టు తగాదాతో బాబాయితో తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ‘అలాంటి మాటలొద్దు నాన్నా, మీకేం కాదు’ అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అప్పట్నించీ పెద్దగా మాట్లాడటం లేదు. నా విశ్వాసం చాలట్లేదా? ఉన్న సమయాన్ని ప్రార్థనలోనే గడపాలా, ఇంకెలా గడపాలి?

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. తిరిగి మొదలుపెట్టారో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మూడు రోజులు ఆగిందని దాచకుండా చెప్పండి, మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలో ఆయనే చెబుతారు. మార్ఫిన్ నొప్పి వచ్చాక వేసే మాత్ర కాదు, రాకుండా గడియారం చూసి వేసేది. మామూలు మాత్రయితే సాధారణంగా నాలుగు గంటలకోసారి. దానితో మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అడగండి. ఇలాంటి నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే అలవాటైపోతుందనే భయం అక్కర్లేదు. ఆ సిస్టర్ మాట గురించి నేనేమీ అనను. నొప్పి ఆమెది కాదు కదా. పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాసినప్పుడు విశ్వాసం లేని మనిషై రాశాడా? మీ ఉపవాసం మీ ఇష్టం గానీ, నాన్నగారి చేత మాత్రం ఒక్క పూట కూడా చేయించకండి. ఆకలి తగ్గడం ఆ జబ్బు లక్షణం, బలవంతంగా కుక్కనూ వద్దు. రెండు చెంచాల జావ తాగితే అదే భోజనం.

ఇక విశ్వాసం చాలట్లేదా అన్న ప్రశ్న. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ‘సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము’ అని అడిగి, ఆ వెంటనే ‘నీ చిత్తప్రకారమే’ అన్నాడు. మీ గుంపులో ఎవరైనా అలా ప్రార్థిస్తే ‘సాధ్యమైతే’ అన్న మాట ఎందుకొచ్చింది, సందేహమా అని అడిగేవారేమో! పౌలు తన శరీరంలో ముల్లులా బాధించినదాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. తనతో తిరిగిన త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాశాడు. ఇవి కూడా మన బైబిల్లో ఉన్న వాక్యాలే. గోడకి తగిలించే వాగ్దానపు క్యాలెండర్లలో కనబడవు, అంతే.

స్వస్థత కోసం అడగడం మానమని నేను చెప్పడం లేదు. చివరి రోజుదాకా అడగండి. నేను అడిగేది వేరే. ఆ ప్రార్థన ఎక్కడ కూర్చుని చేస్తున్నారు? మీరు రాసిన పట్టికను నేనూ లెక్కేశాను. జూమ్, శుక్రవారం, శనివారం రాత్రి, బడి, ప్రయాణాలు. ఇవన్నీ తీసేస్తే ఆ మంచం పక్కన మిగిలేది ఎంత? ఈ ఆరు వారాల్లో నాన్నగారి గురించి దేవుడితో మాట్లాడినన్ని గంటలు నాన్నగారితో మాట్లాడారా?

కఠినంగా ఉందని తెలుసు. ఈ మాట అనే హక్కు నాకెలా వచ్చిందో చెబుతాను. మా అమ్మ పోయిన రాత్రి నేను ఆస్పత్రి కింది అంతస్తులో ప్రార్థన గదిలో మోకాళ్ల మీద ఉన్నాను. పైన అమ్మ నన్ను రెండుసార్లు పిలిచిందని తర్వాత నర్సు చెప్పింది. ఎందుకు పిలిచిందో తెలీదు. మంచినీళ్లకేనేమో. ఆ నీళ్లు నేనివ్వలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు రోగుల కుటుంబాలతోనే పనిచేశాను. మీలాంటి ఇళ్లు ఎన్నో చూశాను. అన్నిట్లోనూ ప్రేమే, అన్నిట్లోనూ ఒకటే గొడవ. రోగికి అంతా తెలుసు, ఇంట్లోవాళ్లకీ తెలుసు, ఒకరికి తెలుసన్న సంగతి ఇంకొకరికి తెలియకూడదని అందరూ నటిస్తూ అలసిపోతారు.

మీ నాన్నగారు లెక్కల మాస్టారు. గుంటూరులో డాక్టర్ ఎన్ని నెలలన్నాడో ఆయనకి మీరు చెప్పకపోవచ్చు. కానీ నెలకి ఎన్ని కిలోలు తగ్గుతున్నారో, బెల్టుకి ఎన్ని రంధ్రాలు కొత్తగా పొడిచారో ఆయన లెక్కపెట్టుకోలేరా? తొంభయ్యో కీర్తన మోషే ప్రార్థన అని పైనే రాసి ఉంటుంది. అందులో ఆయన అడిగినదేమిటి? ‘మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము.’ రోజులు లెక్కపెట్టుకోవడం అవిశ్వాసం కాదన్నమాట, అదే ఒక ప్రార్థనాంశం. మీ ఇంట్లో ఆ ప్రార్థన చేస్తున్న మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన్ని మీరు నోరు మూయించారు.

గోడవైపు తిరిగి పడుకున్నారని రాశారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను. యెషయా 38లో హిజ్కియా రాజు చేసింది అదే. మరణకరమైన రోగం వచ్చింది, ‘నీ యిల్లు చక్కబెట్టుకొనుము’ అని కబురొచ్చింది, ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. పదిహేనేళ్లు ఆయుష్షు కలిసింది, అది ప్రతి స్వస్థత కూడికలోనూ చెబుతారు. అదే అధ్యాయంలో పుండుకి అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది చెప్పరు. ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నది అసలే చెప్పరు. ప్రార్థన, మందు, ఇల్లు సర్దుకోవడం, మూడూ ఒకే పేజీలో ఉన్నాయి. నాన్నగారు అడిగింది ఆ మూడోదే. కొడుకు, తమ్ముడు, మాట్లాడాల్సిన నాలుగు మాటలు. ఇల్లు చక్కబెట్టుకోవడమంటే అది కాక ఇంకేమిటి?

ఒంగోలువాళ్లకి ఇది వేరే ఊరివాళ్లు చెప్పక్కర్లేదసలు. 1854 జనవరి 1న ఇంకా తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దొరగారు, భార్య, మరికొందరు మీ ఊరి కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఆ కొండ కథ మీరు సండే స్కూల్లోనే విని ఉంటారు. ఆ ప్రార్థనకి జవాబుగా వచ్చాడని మనవాళ్లు చెప్పుకునే మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో ఏం చేశాడు? బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కొండ మీద మోకాళ్లు వేసినవాళ్ల పనిని కొనసాగించినవాడు కాలువ గట్టున పార పట్టించాడు. ఇప్పుడు మీ కాలువ మీ నాన్నగారి మంచం.

కాబట్టి ఈ రాత్రి బడి నోట్సులు పక్కన పెట్టండి. అమ్మని కాసేపు పడుకోమనండి. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ‘నాన్నా, ఆ రోజు మీరు చెప్పబోతుంటే నేను ఆపేశాను. భయపడ్డాను. ఇప్పుడు చెప్పండి, వింటాను’ అనండి. ఆ తర్వాత నోరు తెరవకండి. ఆయన వెంటనే మాట్లాడకపోవచ్చు. ఒక్కసారి తిప్పికొట్టినవాళ్లని మళ్లీ నమ్మడానికి టైం పడుతుంది. రేపు మళ్లీ కూర్చోండి. ‘నేను పోతానా’ అని సూటిగా అడిగితే? అబద్ధం చెప్పకండి. ‘డాక్టర్లు కష్టమన్నారు నాన్నా. మేం దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాం. ఏదైనా మీ పక్కనే ఉంటాం’ అంటే చాలు. ఏడుపొస్తే ఏడవండి. నిమిషాల్లో లాజరుని లేపబోతున్నాడని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ దాస్తున్నది నాన్నగారి దగ్గర కాదు, తన దగ్గరే. ‘వాడొస్తే అనుమానం వస్తుంది’ అన్న మాటకి ‘రమ్మని అడిగింది నాన్నే అమ్మా’ అని ఒక్కటే చెప్పండి.

సంఘం మానేయాలా? వద్దు. ఆదివారం ఆరాధనకి వెళ్లండి. మిగతావి ఈ కొన్ని వారాలు తగ్గించుకోండి. కూడికలకి ఆయన్ని కార్లో మోసుకెళ్లడం మాత్రం ఇక ఆపేయండి. యాకోబు పత్రికలో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది, రోగిని పెద్దల దగ్గరికి మోసుకుపొమ్మని లేదు. పాస్టర్‌గారికి ఫోన్ చేసి, ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేయమని అడగండి. పది నిమిషాలు చాలు, పెద్ద గొంతు వద్దు, ఆయనకి శబ్దం తట్టుకునే ఓపిక లేదని ముందే చెప్పండి. మంచి కాపరి అయితే వస్తారు. రాకపోతే అదీ మీకు తెలియాల్సిన సంగతే. ఉపవాసం సంగతంటారా, బడికెళ్లి వచ్చి రోగిని ఎత్తి దించాల్సిన మనిషి మీరు. నలభై రోజుల మొక్కుబడి మధ్యలో ఆపితే దేవుడికి కోపమొస్తుందనుకుంటే, మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ‘కొర్బాను’ గురించి యేసు అన్నది ఒకసారి చదవండి. తల్లిదండ్రులకి అందాల్సింది దేవుడికి అర్పించేశాం అన్నవాళ్లని ఆయన మెచ్చుకోలేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థన ఆయన గదిలోనే పెట్టుకోండి. ఓపిక ఉన్న రోజు ఆయన్నే ప్రార్థన చేయమనండి, మూడు మాటలైనా సరే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి, ఆయన పాత రాగంలో పాడుకునేవే పాడండి. కీబోర్డు కొత్త పాటలు మీకిష్టం కావచ్చు, ఆయనకి కాదు. పిల్లలుంటే చదువు పాడవుతుందని దూరం పెట్టకండి. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని ఒక్కొక్కరుగా రమ్మనండి.

బాబాయికి కబురు ఫోన్లో కాదు, మీరే వెళ్లి చెప్పండి. గట్టు ఎవరిదన్నది అక్కడ ఎత్తకండి. ‘మీ అన్నయ్య మిమ్మల్ని చూడాలంటున్నారు’ అంటే చాలు. తొమ్మిదేళ్ల పంతంతో ఆయన రానంటే నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పండి, కబురు మాత్రం చేరాలి.

కాగితాల సంగతి ఆయనే ఎత్తితే ఆపకండి. వీలునామా రాయాలంటే ఇద్దరు సాక్షులుండాలి. ఆస్తి వచ్చేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తక్కువ. సర్టిఫికెట్లో ఒక మతం, చర్చి రిజిస్టర్లో ఒక మతం ఉన్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మీదీ అదే అయితే ఏ వారసత్వ చట్టం వర్తిస్తుందో వకీలుని అడగండి. పెన్షన్ కాగితాల్లో అమ్మగారి పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఆయన తెలివిలో ఉండగానే చూసుకోండి.

ఇక అన్నయ్య. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం తీయండి. ‘నేను వెడలిపోవు కాలము సమీపమై యున్నది’ అని పౌలు తనే రాసుకున్నాడు. ఎంతోమందిని స్వస్థపరిచిన మనిషి, నోటితో ఆ మాట పలికాడు. ఆ తర్వాత పిలుపు: త్వరగా రా. ఇంకాస్త కింద మళ్లీ: ‘శీతకాలము రాకమునుపు నీవు వచ్చుటకు ప్రయత్నము చేయుము.’ ఆ రోజుల్లో చలికాలం వస్తే మధ్యధరా సముద్రం మీద ఓడలు ఆగిపోయేవి, మళ్లీ వసంతం దాకా దారి లేదు. ఆలస్యం చేస్తే తిమోతికి ఓడ దొరుకుతుంది గానీ పౌలు దొరకడు.

అన్నయ్యకి ఆ వాక్యం పంపండి, కింద మీ మాటగా ఏమీ కలపకండి. ఉద్యోగం, వీసా స్టాంపింగ్ భయం నిజంగా ఉండి రాలేకపోతే, ఆ సంగతి దాచకుండా నాన్నగారికే చెప్పమనండి. రోజూ వీడియోలో ‘ఎలా ఉన్నారు, తిన్నారా’ అనే రెండు ముక్కలు కాకుండా ఓ అరగంట కూర్చోమనండి. రాగలిగితే మాత్రం సెలవులు, టికెట్ ధరలు చూసుకుంటూ కూర్చోవద్దు. అంత్యక్రియలకి ఎలాగూ వస్తాడు. ఆ టికెట్ డబ్బే ఇప్పుడు పెట్టమనండి.

తేదీ ఖాయమయ్యాక నాన్నగారికి మీరే చెప్పండి. చెప్పి, వాడొచ్చేటప్పుడు ఏం తెమ్మంటారు నాన్నా అని అడగండి. పౌలు ఆ స్థితిలో కూడా త్రోయలో వదిలేసిన అంగీ, పుస్తకాలు తెమ్మన్నాడు. మీ నాన్నగారు ఏం అడుగుతారో.