చిప్పర్ స్టార్ట్ కాకపోతే ముందు పెట్రోల్ చూడు, ఆ తర్వాత బ్లేడ్లు

మూడు నెలలు షెడ్డులో పెట్టిన 7 హెచ్‌పీ పెట్రోల్ చిప్పర్ (కొమ్మల్ని ముక్కలు చేసే మిషన్) తాడు ఎంత లాగినా అందుకోవడం లేదు, అందుకున్నా కొమ్మలు ముక్కలు కాకుండా నార నారగా వస్తున్నాయి అని అడిగినావు కదన్నా, ఈ రెండూ నేను పడినవే. మాది అనంతపురం పక్కన చీనీ (బత్తాయి) తోట, కత్తిరింపులప్పుడు పనంతా దీంతోనే.

ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం దించేయ్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపింది, తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే కార్బొరేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోతుంది. నాది విప్పితే కార్బొరేటర్ గిన్నె అడుగున తేనె మాదిరి జిగురు. అప్పట్నుంచి పని అయిపోతానే పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద కుళాయి) మూసేసి ఇంజన్ దానంతట అది ఆగేదాకా వదిలేస్తా.

నార వస్తోందంటే బ్లేడ్ మొద్దుబారింది, లేదంటే లోపల బిగించిన అడుగు బ్లేడుకి, తిరిగే బ్లేడుకి మధ్య సందు పెరిగింది. ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి పక్కన పెట్టు, చేత్తో రోటర్ (బ్లేడ్లు బిగించిన చక్రం) తిప్పినా ఇంజన్ అందుకోవచ్చు, వేళ్లు పోతాయి. సందు ఎంత ఉండాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది, నాదానికి 1 మిల్లీమీటర్, పాత ఏటీఎం కార్డు పెడితే కొంచెం లూజుగా దూరాల. ఒకసారి బ్లేడ్లు సాన పట్టించడానికి ఇస్తే ఆయన నీళ్లలో ముంచకుండా అంచు నీలం రంగు తిరిగేదాకా పట్టేసినాడు, పైగా ఒకటి ఎక్కువ అరిగింది, బిగించి స్టార్ట్ చేస్తే మిషన్ గంతులేసింది, రెండు రోజులకే అంచు పోయింది. ఇప్పుడు సాన పట్టినాక రెండూ కిరాణా కొట్టు కాటాలో పెట్టి బరువు సమానంగా ఉందా చూస్తా, వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. మన్ను అంటుకున్న కొమ్మలు, వేర్లు మాత్రం వేయొద్దు, ఇసుక కంటే బ్లేడుకి శత్రువు లేదు.

మన పక్క అసలు ఇంజన్‌ని చంపేది ఎర్ర దుమ్ము. పుస్తకంలో ఎయిర్ ఫిల్టర్ 50 గంటలకోసారి అంటాడు, నేను పది గంటలకే తీస్తా. స్పాంజి అయితే సబ్బు నీళ్లలో ఉతికి బాగా ఆరినాక నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి పిండి పెట్టు, పేపర్‌ది అయితే కడగొద్దు, తట్టి దులుపు, నల్లబడితే మార్చేయ్.

ఆయిల్ నాదానికి 600 మిల్లీలీటర్లు, కొత్తలో 20 గంటలకి ఒకసారి, తర్వాత 100 గంటలకి లేదా 6 నెలలకి అంటారు గానీ ఎండాకాలం మన ఎండలకి నేను 50కే మార్చేస్తా, చదునుగా ఉన్న చోట పెట్టి లెవెల్ చూసుకో. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు.

ఇవన్నీ చేసినాక కూడా లోడ్ పడితే కాలిన రబ్బరు వాసన వస్తే బెల్ట్ లూజు, అది బిగించుకో చాలు.