ఉద్యోగం మానే ముందు ఒక్క జీతంతో బతికి చూడండి

ప్రశ్న: మాకు నాలుగేళ్ల బాబు, ఎనిమిది నెలల పాప. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్థులమే. పాపను సంరక్షణ కేంద్రంలో వదిలి వెళ్లే ప్రతి ఉదయం నా మనసు మనసులో ఉండడం లేదు. తనకు మూడేళ్లు వచ్చేదాకానైనా ఇంటిపట్టున ఉండి పిల్లలను చూసుకోవాలని ఉంది. ఇంటి రాబడిలో నా జీతం నూటికి 40 వంతులు. అంత మొత్తం ఒక్కసారిగా ఆగిపోతే ఇల్లెలా గడుస్తుందని మావారి భయం. ఇప్పటికే పొదుపుగా ఉంటున్నామనే అనుకుంటున్నాం. ఇంకా ఎక్కడ తగ్గించుకోగలం?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారి భయం సహజమే గాని, ఆ భయం పుట్టించిన అంకెను ముందుగా సరిచూసుకోవాలి. మీరు ఉద్యోగం చేస్తున్నందువల్లనే అవుతున్న ఖర్చులు కొన్ని ఉన్నాయి. ఉద్యోగంతోపాటే అవీ పోతాయి. ఒక కాగితం తీసుకుని మీ జీతాన్ని 100 అనుకోండి. దాని మీద పడే పన్ను, పిల్లల సంరక్షణకు కట్టే రుసుము, రానుపోను ఖర్చు, ఆఫీసు కోసమే కొనే దుస్తులు, మధ్యాహ్నం బయట చేసే భోజనం, అలసిపోయి వచ్చిన రాత్రి పొయ్యి వెలిగించే ఓపిక లేక తెప్పించుకునే భోజనం, ఇంటిపనిలో సాయానికి ఇచ్చేది – వీటన్నిటినీ ఒక్కొక్కటిగా అందులోంచి తీసివేయండి. ఉదాహరణకు పన్నుకు 8, సంరక్షణకు 34, ప్రయాణాలకు 11, బయటి భోజనాలకు 9, దుస్తులకు 4, పనిసాయానికి 8 పోతున్నాయనుకుంటే మొత్తం 74 అవుతుంది, మిగిలేది 26. మీ ఇంటి రాబడి మొత్తంలో అది నూటికి 10 వంతులకు కాస్త పైన. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, కాని మీరు పూడ్చుకోవలసిన లోటు 40 మాత్రం కాదు. 40 వంతుల ఖర్చు తగ్గించమంటే ఏ కుటుంబమైనా చేతులెత్తేస్తుంది. 10 వంతులంటే కూర్చుని ఆలోచించగలిగిన విషయం.

అదే కాగితం వెనుకవైపు, జీతంతోపాటు పోయే మిగతావాటినీ దాచుకోకుండా రాయండి. పింఛను నిధిలో సంస్థ మీ తరఫున జమచేసే వాటా ఉంటే అది ఆగుతుంది. కొన్నేళ్ల విరామం తరువాత మళ్లీ చేరేటప్పుడు ఇప్పటికన్నా తక్కువ జీతానికి ఒప్పుకోవలసి రావచ్చు. కుటుంబమంతటి ఆరోగ్య బీమా మీ ఉద్యోగం ద్వారానే ఉంటే రాజీనామా ఇవ్వకముందే వేరే ఏర్పాటు చేసుకోండి, ఎందుకంటే కొత్తగా తీసుకున్న బీమాలో కొన్ని జబ్బులకు వెంటనే రక్షణ ఉండకపోవడం మామూలే.

ఇక నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇది. రాజీనామా పత్రం రాయడానికి ముందు ఆరు నెలలపాటు మీవారి జీతంతోనే ఇల్లు నడిపి చూడండి. మీ జీతంలోంచి, ఉద్యోగం కారణంగా అయ్యే ఆ 74 మాత్రం కట్టి, మిగిలిన 26ను జీతం పడిన రోజునే వేరే ఖాతాకు మళ్లించండి. నెలాఖరులో ఆ ఖాతా మీద చెయ్యి వేయవలసి వస్తే, ఏ తేదీన, దేనికోసం అన్నది రాసి పెట్టుకోండి. ముందుగా కాగితం మీద వేసుకున్న అంచనాలలో దొరకని నిజం ఆ ఒక్క వాక్యంలో దొరుకుతుంది. ఆరు నెలలకు 156, అంటే మీ నెల జీతానికి ఒకటిన్నర రెట్లు పోగవుతుంది. క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంటే మొదట దాన్ని తీర్చివేయండి. నెలకు నూటికి 3 చొప్పున వడ్డీ పడితే ఏడాది తిరిగేసరికి చక్రవడ్డీతో 42 దాటుతుంది. అంత రాబడి తెచ్చే పొదుపు పథకం ఏదీ లేదు. బాకీ లేకపోతే ఆ సొమ్మును ఆపద్ధనంగా ఉంచండి. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండడం అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఒక్క ఉద్యోగానికీ ఏదైనా జరిగితే ఆదుకునే రెండో జీతం ఉండదు.

పొదుపుగానే ఉంటున్నామన్నారు. ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు వంటింటి తలుపు పక్కన మేకుకు ఒక చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు వేలాడుతూ ఉండేవి. బయటినుంచి ఎవరు వచ్చినా, చేతిలోని సంచి కింద పెట్టకముందే ఆ పూట ఖర్చు రాయాలని నియమం పెట్టుకున్నాం. మొదటి నెల చివర తిరగేసి చూస్తే "చిల్లర" అని రాసిన పద్దు 19 చోట్ల కనిపించింది. అన్నీ కూడితే మా కరెంటు బిల్లుకన్నా ఎక్కువైంది. దేనికి ఖర్చయిందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. మరుసటి నెల నుంచి "చిల్లర" అన్న మాట రాయకూడదనీ, కొన్న వస్తువు పేరే రాయాలనీ అనుకున్నాం. రాయవలసి వస్తుందన్న ఆలోచనతోనే కొన్నిటిని కొనకుండా వచ్చేవాళ్లం. ఆ పద్దు సగానికి సగం దిగింది.

నెలవారీ ఖర్చులకన్నా ఏడాదికోసారి వచ్చేవే ఇంటిని తలకిందులు చేస్తాయి. బడి ఫీజు, బీమా ప్రీమియం, వాహనం మరమ్మతు, శుభకార్యాల కానుకలు – ఇవన్నీ కూడి 12తో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా పక్కన పెట్టండి. ఇది చేయని ఇళ్లలో పదకొండు నెలల పొదుపు ఒక్క నెలలో కరిగిపోతుంది.

తగ్గించడం మాత్రం పెద్ద పద్దుల దగ్గర మొదలుపెట్టండి. మీ ఆఫీసుకు దగ్గరని ఎక్కువ అద్దెకు తీసుకున్న ఇల్లయితే, ఇక ఆ అవసరం లేదు. రెండో వాహనం అమ్మివేస్తే ఇంధనం, బీమా, సర్వీసింగు, మరమ్మతు అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. ఇలాంటి నిర్ణయం ఒక్కసారి తీసుకుంటే చాలు, రోజూ మనసును కట్టడి చేసుకోనక్కరలేదు. కరెంటు విషయంలో పాతరకం బల్బులు మిగిలి ఉంటే మార్చండి, ఎల్‌ఈడీ బల్బుకు అందులో నాలుగో వంతు కరెంటు కూడా పట్టదు.

చాలామంది మొట్టమొదట వంటింటి మీద పడతారు. అది నాకు నచ్చదు. రాబడి తగ్గినకొద్దీ ఖర్చులో తిండి వాటా పెరుగుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చెప్పాడు. కాబట్టి రేపు మీ పద్దుల పుస్తకంలో తిండి వాటా పెద్దదిగా కనిపిస్తే తప్పు చేస్తున్నామని కంగారుపడి, పిల్లల నోరు కట్టవద్దు. తగ్గించవలసింది వృథాను. సరుకులకు వెళ్లే ముందురోజు సాయంత్రం ఫ్రిజ్ కింది అర మొత్తం బయట పెట్టి చూడండి. అడుగున వడలిపోయిన కూరలు, మూత తీసి సగం వాడి మరచిపోయిన డబ్బా, రెండుసార్లు కొన్న ఒకే వస్తువు బయటపడతాయి. ఆ రాత్రి వంట వాటితోనే చేసి, ఆ తరువాతే జాబితా రాసుకోండి.

పాప విషయంలో రెండు మాటలు. ఆరు నెలలు నిండాక ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మీరు ఇప్పటికీ పాలిస్తున్నట్లయితే, ఇంటి దగ్గరే ఉండడం వల్ల పాలపొడి డబ్బాల అవసరం తగ్గవచ్చు. వైద్యులు రాసిచ్చిన పాలపొడినైతే ఖర్చుకు జంకి ఆపవద్దు. రోజుకు 6 డైపర్లు వాడుతుంటే నెలకు 180 అవుతాయి; పగలంతా గుడ్డవి వాడి రాత్రికి ఒక్కటే వేస్తే 30తో సరిపోతుంది. ఉతకడానికి నీళ్లు, సబ్బు, మీ శ్రమ పడతాయి కనుక, మీ ఒంట్లో ఓపిక ఉన్న రోజులకే ఈ ఏర్పాటు ఉంచుకోండి. టీకాలు, బీమా ప్రీమియంల జోలికి మాత్రం వెళ్లవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో నా భార్య జీతమే ఎక్కువ. అందుకని నేనే ఉద్యోగం మాని పిల్లలను చూసుకోవాలని నిర్ణయించుకున్నాం. లెక్కలు కుదిరాయి గాని, చేతిఖర్చుకు ప్రతిసారీ ఆవిడను అడగాలంటే ఇప్పటినుంచే సంకోచంగా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: ఇంట్లో ఉండేది తల్లయినా తండ్రయినా ఈ సంకోచం ఒక్కటే. చాలామంది తల్లులు దీన్ని బయటికి చెప్పకుండా ఏళ్లతరబడి మోశారు. మీరు అడిగినందుకు సంతోషం. అడగవలసిన అవసరమే రాకుండా ఏర్పాటు చేసుకోండి. జీతం పడగానే ఇద్దరి పేరా ఉన్న ఉమ్మడి ఖాతాలోకి వెళ్లాలి. ఇంటి ఖర్చు అందులోంచి నడవాలి. ఇద్దరికీ సమానంగా, ఎంత చిన్నదైనా సరే, లెక్క చెప్పనక్కరలేని మొత్తం ఒకటి ఎవరి ఖాతాలోకి వారికి నెల మొదట్లోనే చేరాలి. ఖర్చు తగ్గించేటప్పుడు ఆ మొత్తాన్ని కూడా ఇద్దరికీ ఒకే మేరకు తగ్గించాలి. పింఛను కోసం మీ పేర వేరుగా కొంత జమ అవుతూ ఉండాలి. ఉద్యోగం మానింది మీరే గనుక ముసలితనంలో లోటు పడేదీ మీకే.

జీవిత బీమా సంపాదించేవారికి మాత్రమే అవసరమనుకోవడం మరో పొరపాటు. మీకేదైనా జరిగితే మీరు చేస్తున్న పనికి – పిల్లల పెంపకం, వంట, బడికి తీసుకువెళ్లి తీసుకురావడం – ఆవిడ మనుషులను పెట్టుకుని జీతాలివ్వవలసి వస్తుంది. ఆ ఖర్చు నెలకు ఎంతవుతుందో ఇద్దరూ కలిసి ఒకసారి లెక్క వేయండి. మీ పేర ఎంత బీమా ఉండాలో ఆ అంకెను బట్టే తేల్చుకోవచ్చు.