నెట్ రాకపోయినా అడవి మీద పీహెచ్‌డీ చేయొచ్చు

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, దుమ్ముగూడెం మండలం. కోయ కుటుంబం. మా అమ్మాయి సిద్దిపేట జిల్లా ములుగు ఫారెస్ట్ కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. విప్పచెట్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాలేదు. ఖర్చు మేం పెట్టలేం. పంపమంటారా, ఉద్యోగం చూసుకోమంటారా?

జవాబు: పంపండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నెట్‌లో ఫారెస్ట్రీ అనే సబ్జెక్టే లేదు. ఈ పిల్లలు ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ రాయాలి, లేదంటే వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు (ఏఎస్‌ఆర్‌బీ) పెట్టే నెట్‌లో ఆగ్రోఫారెస్ట్రీ (పంటలతో కలిపి చెట్ల పెంపకం) రాయాలి. ఒక్కసారి రాకపోతే అమ్మాయికి చదువు రాదని కాదు. పైగా గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే ఎస్టీ నేషనల్ ఫెలోషిప్‌కు (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే భృతి) నెట్ అడగరు. ఏడాదికి 750 మందికి ఇస్తారు, ఎంపిక పీజీ మార్కుల మీద. అందులో 30 శాతం అమ్మాయిలకు. ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌లకు నెట్ కావాలి. అది చూసి దీనికీ కావాలని హాస్టల్లో ఎవరైనా చెబితే, విని అమ్మాయి అప్లై చేయడం మానకూడదు.

అయితే ముందు పీహెచ్‌డీలో ఫుల్‌టైమ్ రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ (ఎఫ్‌ఆర్‌ఐ) డీమ్డ్ యూనివర్సిటీలో రిజిస్టర్ అయి, హైదరాబాద్ దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థలో పని చేసుకునే వీలుంది. డెహ్రాడూన్ కన్నా మీకు దగ్గర కూడా.

పిల్లలు చదువు ఆపేసేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. రిజిస్ట్రేషన్‌కూ మొదటి ఫెలోషిప్ డబ్బుకూ మధ్య నెలలు గడుస్తాయి. మెస్సు, బస్సు ఖర్చులకు కనీసం ఆరు నెలల డబ్బు చేతిలో ఉండాలి. అది లేకపోతే, ముందు ఏడాది పాటు ఏదైనా ప్రాజెక్టులో అసిస్టెంట్‌గా చేరనివ్వండి. ఇలాంటివి వాక్-ఇన్ ఇంటర్వ్యూలతో తీసుకుంటారు. జీతం మిగులుతుంది, ఫీల్డు పనీ చేతికి వస్తుంది.

కాగితాలు ఇప్పుడే సరిచూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. మెమోలో ఉన్నట్టే ఆధార్‌నూ, కుల ధ్రువపత్రాన్నీ మార్పించండి. బ్యాంకులో ‘ఆధార్ లింక్ అయింది’ అన్నంత మాత్రాన సరిపోదు. ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆధార్ సీడింగ్, అంటే ఆధార్‌ను ఖాతాకు జోడించిన నమోదు, ఏ ఖాతాకు ఉందో అడగండి, ప్రభుత్వ డబ్బు పడేది ఆ ఖాతాలోనే. డెహ్రాడూన్ వెళ్లి కొత్త ఖాతా తెరిచి దానికి సీడింగ్ చేయిస్తే, డబ్బు అటు వెళ్తుంది.

ఇక అడవిలోకి వెళ్లడానికి అనుమతి. కిన్నెరసాని లాంటి అభయారణ్యంలో పరిశోధనకు 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఉండాలి. విప్ప పూసేది మార్చి, ఏప్రిల్‌లో. జనవరిలో దరఖాస్తు పెట్టి, పర్మిట్ మే నెలలో చేతికొస్తే ఆ ఏడు పూత అయిపోయినట్టే. మళ్లీ మార్చి దాకా డేటా ఉండదు, ఫెలోషిప్ గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే వానాకాలంలోనే పెట్టాలి. ఏ రేంజి, ఏ బీటు (అటవీ శాఖ అడవిని విడదీసిన భాగాలు), ఏ నెలలు, ఎంతమంది వెళ్తారు, ఆకో గింజో నమూనా తీస్తే ఎంత తీస్తారు అన్నవి స్పష్టంగా రాయాలి.

మధ్యలో పెళ్లి, పిల్లలు అని కంగారు పడకండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం అమ్మాయిలకు మామూలు గడువు మీద రెండేళ్లు అదనంగా ఇస్తారు, ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది గైడ్ విషయంలో. చేరకముందే ఆయన దగ్గరున్న ఇద్దరు స్కాలర్లతో అమ్మాయిని మాట్లాడమనండి. ఎంతమంది పూర్తి చేశారు? ఫీల్డులో అమ్మాయిలు రాత్రి ఎక్కడ ఉంటారు? పేపర్లలో పేరు వేస్తారా? చివరి ప్రశ్న మరీ ముఖ్యం. కోయ భాష వచ్చిన అమ్మాయిని ఊళ్లలో మాటలు అనువదించడానికి వాడుకుని, పేపర్లో కృతజ్ఞతలతో సరిపెట్టడం అన్యాయం. ఏ చెట్టు ఏ ఏడు బాగా కాస్తుందో పెద్దవాళ్లను అడిగి రాబట్టేది ఆమే కదా, అది కూడా పరిశోధనే. పని మొదలవకముందే ఎవరి పేరు ఎక్కడ ఉంటుందో ఈమెయిల్‌లో రాయించుకోమనండి. ప్రతి ఫీల్డు షీటునూ ఆ సాయంత్రమే ఫొటో తీసి, తన దగ్గర ఒక కాపీ ఉంచుకోమనండి.